బీముకు వచ్చిన మార్కులు స్టడ్డు ఖాతాలో

యూరప్‌లో రెండో తరం యూరోకోడ్‌లు, అంటే అక్కడి కట్టడాల డిజైన్ నియమావళి, వస్తున్నాయి. పాతవి 2028లో తప్పుకోవాలి. దాంతో పాత పేచీ మళ్లీ లేచింది: స్టీల్ బీమునీ కాంక్రీట్ స్లాబునీ పట్టి ఉంచే షియర్ స్టడ్డు (బీముకి వెల్డ్ చేసి స్లాబు కాంక్రీట్‌లో ఉంచే పొట్టి స్టీలు మేకు) బలం ఎంత, దాన్ని ఏ పరీక్షతో తేల్చాలి?

స్టడ్డు పుట్టుపూర్వోత్తరాలు వదిలేద్దాం. 1971లో అమెరికాలోని లీహై యూనివర్సిటీలో ఓల్‌గార్డ్, స్లట్టర్, ఫిషర్ 48 నమూనాలు పరీక్షించి ఇచ్చిన సూత్రం మీదా పెద్ద తగాదా లేదు. నిలబెట్టిన పొట్టి ఐ-సెక్షన్‌కి (I ఆకారపు స్టీలు ముక్క) రెండు పక్కలా స్టడ్లు వెల్డ్ చేసి స్లాబు ముక్కలు పోస్తారు, స్టీలును పైనుంచి నొక్కుతారు, ఎన్ని మిల్లీమీటర్లు జారిందో డయల్ గేజిలో చూస్తారు. పుష్ అవుట్ టెస్ట్ అంటే ఇంతే. అయితే అవి నిండు స్లాబులు.

తిరకాసు డెక్ షీటుతో, అంటే స్లాబు కింద ఉండే గాడుల స్టీలు రేకుతో వచ్చింది. షీటు గాడిలో స్టడ్డు చుట్టూ కాంక్రీట్ తక్కువ. 1977లో గ్రాంట్, ఫిషర్, స్లట్టర్ దీనికో తగ్గింపు గుణకం ఇచ్చారు. నా లెక్కలో కథంతా ఇక్కడే మలుపు తిరిగింది. ఎందుకంటే ఆ గుణకం పుష్ అవుట్‌లో తేలింది కాదు, పూర్తి సైజు బీముల మీద బరువు పెట్టి, ఆ ఫలితాల నుంచి వెనక్కి లెక్కగట్టింది. ఉమ్మడి కుటుంబం ఖర్చు చూసి చిన్నకొడుకు జీతం చెప్పడం లాంటిదది. స్టడ్ల బలం బాగా తగ్గినా బీము మోసే బరువు ఆ స్థాయిలో తగ్గదు. బీము నిలబడింది కాబట్టి స్టడ్డూ గట్టిదే అనుకున్నారు.

1990ల్లో వర్జీనియా టెక్‌లో ఈస్టర్లింగ్ బృందం గాడిలోకే తొంగి చూసింది. చాలా షీట్లలో గాడి అడుగున నడిమధ్య ఒక చిన్న ఉబ్బు ఉంటుంది, కాబట్టి స్టడ్డును ఏదో ఒక పక్కకి జరిపి వెల్డ్ చేయాలి. బీము చివరి వైపు జరిపితే దాన్ని నెట్టే పక్క కాంక్రీట్ దండిగా ఉంటుంది. స్పాన్ (బీము పొడవు) మధ్య వైపు జరిపితే అదే కాంక్రీట్ పలచన, షీటు గోడ ఉబ్బి చిరుగుతుంది. దీనికే వీక్ పొజిషన్ అని పేరు. 1977 సూత్రంలో గుణకం 1.0 దాకా వెళ్లొచ్చు, అంటే తగ్గింపే ఉండకపోవచ్చు. 2005 అమెరికన్ స్టీల్ కోడ్ గాడికి ఒక్క స్టడ్డు ఉంటే మంచి పక్కకు 0.75, వీక్ పక్కకు 0.6 అని తేల్చేసింది.

స్టీఫెన్ హిక్స్ వంటి పరిశోధకుల వాదన వేరు. అసలు బీములో స్లాబు పైనుంచి అదిమి పడుతుంది, మామూలు పుష్ అవుట్‌లో ఆ ఒత్తిడి లేదు, అందుకే బలం తక్కువ చూపిస్తుందంటారు. కొట్టిపారేసే మాట కాదు. కానీ వర్జీనియా టెక్ వాళ్లు ఆ ఒత్తిడిని (నమూనా నిలువుగా ఉంటుంది కాబట్టి పక్కనుంచి) పెట్టే పరీక్షించారు. పాత బిల్డింగులేవీ కూలలేదుగా అంటారా, అది మళ్లీ బీము సర్టిఫికెట్టే.



సైటులో ఇంకో చిక్కు. స్పాన్ నడుమ దాటగానే మంచి పక్క తిరగబడుతుంది. ఎడమ సగంలో గాడికి ఎడమ పక్కన కొట్టాలి, కుడి సగంలో కుడి పక్కన. డ్రాయింగ్‌లో రాయకపోతే స్టడ్ గన్ (స్టడ్లు వెల్డ్ చేసే పరికరం) పట్టుకున్నతను చేతివాటం ఎటుంటే అటే కొట్టుకుంటూ పోతాడు. అందుకే చాలామంది డిజైనర్లు 0.6 వేసేసి ఊరుకుంటారు.