తొట్టికి దారులు ఎక్కడ పెట్టాలి

చిరంజీవులకు,

జేజినాయన ఆశీస్సులు. సెలవుల్లో వచ్చినప్పుడు ఫ్యాక్టరీ తొట్టికి నేను గీసిన పాత డ్రాయింగు చూసి, "తొట్టి ఒకటే కదా, ఇన్ని పైపులెందుకు?" అని అడిగినారు. నోటిమాటతో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

మన పోరుమామిళ్ల చెరువు చూసినారు కదా. 1369 నాటి శాసనం ఉంది దానికి. విజయనగర రాకుమారుడు భాస్కరుడు కట్టించినాడు. మంచి చెరువుకు కావలసినవి 12, ఉండకూడని దోషాలు 6 అని అందులో చెక్కించినాడు. కట్టలోంచి నీళ్లు కారడం ఆ దోషాల్లో ఒకటి. అంటే, మనం పెట్టని దారిన నీళ్లు పోకూడదు. ఇక మనం పెట్టే దారులు రెండు. మడికి వదిలే తూము కింద ఉంటుంది, ఎక్కువైన నీళ్లు పోయే మరవ పైన ఉంటుంది. తూము పైన పెడితే ఎండాకాలం చెరువులో నీళ్లుండి కూడా పైరు ఎండిపోతుంది. మరవ మరీ ఎత్తున పెడితే పెద్ద వానకు కట్ట తెగుతుంది. ఫ్యాక్టరీలో తొట్టికి కూడా ఇదే ఆలోచన.

శనక్కాయ నూనెను శుద్ధి చేసేటప్పుడు వేడినీళ్లతో కడుగుతారు. ఆ తర్వాత రెండింటినీ విడదీయాలి. కలిసిన నూనె, నీళ్లు ఒకే పైపులోంచి తొట్టిలోకి వస్తాయి. ధార సూటిగా కొట్టి లోపలంతా కలియబెట్టకుండా ఆ పైపు నోటికి ఎదురుగా అడ్డపలక పెడతారు. నిదానించిన చోట నూనె పైకి తేలి, తొట్టి అంచు మీదుగా పొర్లి పోతుంది. నీళ్లు అడుగు నుంచి పోవాలి. అడుగున వాల్వు పెట్టి కొంచెం తెరిచి వదిలేస్తే? వచ్చే నీళ్లు కాస్త తగ్గినా చాలు, ఉన్న నీళ్లన్నీ పోయి వాటి వెనకే నూనె కూడా పోతుంది. అందుకే అడుగు పైపును తొట్టి బయట పైకి లేపి, వంచి, మళ్లీ కిందికి దించుతారు. ఎవరూ చెయ్యి వేయకుండానే ఎన్ని నీళ్లు వస్తే అన్నీ ఆ వంపు దాటి పోతాయి.

ఆ వంపు ఎంత ఎత్తున ఉండాలో లెక్క కట్టడం నాకు ఇప్పటికీ ఇష్టమే. నూనె పొర్లే అంచు అడుగు నుంచి 200 సెంటీమీటర్లు అనుకోండి. కింద 100 నీళ్లు, పైన 100 నూనె ఉండాలి. నూనె సాంద్రత నీళ్లలో 0.9 వంతు అయితే, 100 సెంటీమీటర్ల నూనె కలిగించే ఒత్తిడి 90 సెంటీమీటర్ల నీళ్లతో సమానం. బయటి పైపులో ఉండేవి నీళ్లే కాబట్టి, కింది 100, ఈ 90 కలిపి వంపు 190 దగ్గర రావాలి. దాన్ని ఒక్క సెంటీమీటరు పైకి జరపండి. నూనెకూ నీళ్లకూ మధ్య హద్దు ఏకంగా 10 సెంటీమీటర్లు పైకి వస్తుంది! అదే వంపును 180కి దించితే హద్దు అడుక్కి తగిలి, నూనె నీళ్ల దారి పడుతుంది. అందుకే ఫిట్టరు ఆ వంపును బిగించేటప్పుడు మట్టం రెండుసార్లు చూసుకుంటాడు.

వంపు నెత్తిన ఒక సన్నని గొట్టం గాలికి తెరిచి ఉంటుంది. దాన్ని మూసేస్తే, కిందికి దిగే పైపు నీళ్లతో నిండిపోయి సైఫన్ మొదలవుతుంది. అప్పుడు వంపు ఎత్తుకు విలువే ఉండదు, తొట్టిలోని నీళ్లూ నూనే అన్నీ లాగేస్తుంది. గొట్టం తెరిచి ఉంటే వంపులోకి గాలి వచ్చి ఆ లాగుడు తెగిపోతుంది. ఇంత చిన్న గొట్టానికి రంగు వేసేటప్పుడు కూడా నోరు మూసుకుపోకుండా చూడాలి.

అడుగు నుంచి పంపు తోడే తొట్టిలో ఇంకొక జాగ్రత్త కావాలి. మట్టం దిగేకొద్దీ నీళ్లు బయటికి పోయే నోటి మీద సుడి పుట్టి గాలిని కిందికి లాగుతుంది. గాలి మింగిన పంపు సరిగా తోడదు. రెండు రేకులను కూడిక గుర్తులాగా ఆ నోటి మీద నిలబెడితే నీళ్లు గిర్రున తిరగలేవు.

ఇప్పుడు మీరు కిరసనాయిలుకు సాంద్రత 0.8 వేసి ఇదే లెక్క కట్టండి. అంచు 200, నీళ్లు 100. వంపు 180 దగ్గరికి వస్తుంది. దాన్ని ఒక సెంటీమీటరు జరిపితే హద్దు ఎంత జరుగుతుందో, శనక్కాయ నూనె కంటే ఎందుకు తక్కువో ఇద్దరూ వేరువేరుగా రాసి పంపండి.

ఇట్లు,
మీ జేజినాయన