అంపైర్ ఎవరు? బల్ల మీది యుద్ధానికీ తెర మీది యుద్ధానికీ మధ్య రెండు వందల ఏళ్ల తగువు

రెండో ప్రపంచ యుద్ధంలోని ఒక వీధి పోరునే తీసుకోండి. అట్ట బిళ్లలు, పాచికలతో బల్ల మీద ఆడటం మేలా, కంప్యూటర్లో ఆడటం మేలా? వార్‌గేమ్‌లు ఇష్టపడేవాళ్ల మధ్య ఈ వాదన తెగదు. టైం, డబ్బు, ఇంట్లో చోటు అంటూ లెక్కలు చెప్పుకుంటారు. అవీ ముఖ్యమే. అయితే వాటికి అడుగున ఇంకో ప్రశ్న ఉంది. యుద్ధభూమిలో ఏం జరిగిందో తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉండాలి? ఈ తగువు కంప్యూటర్ పుట్టకముందు నుంచే ఉంది.

మూలం వెతికితే 1780 దాకా వెళ్లాలి. జర్మనీలోని బ్రన్స్‌విక్‌లో హెల్విగ్ అనే లెక్కల పండితుడు చదరంగం బల్లను బాగా పెంచి, గళ్లకు కొండ, నీరు, చిత్తడి అని రంగులు వేసి, కాబోయే సైనికాధికారుల కోసం ఒక ఆట తయారుచేశాడు. చదరంగానికి మూలం మన చతురంగమే కాబట్టి ఈ వంశానికి వేళ్లు మన దేశంలోనే ఉన్నాయి. తర్వాత ప్రష్యా అనే జర్మన్ రాజ్యంలో రైస్విట్జ్ అనే తండ్రీకొడుకులు గళ్లను పక్కన పెట్టేశారు. ఫిరంగి దళంలో అధికారి అయిన కొడుకు 1824లో పద్ధతిని స్థిరపరిచి అచ్చు వేయించాడు. దాని పేరు క్రీగ్‌ష్పీల్. 1:8000 స్కేలులో గీసిన నిజమైన పటం, ఎరుపు, నీలం దిమ్మెలు, రెండు నిమిషాల పోరుకు ఒక వంతు, నష్టాల పట్టికలు, పాచికలు. ఆడేవాళ్లు తమ ఆజ్ఞలు కాగితం మీద రాసి అంపైర్‌కు ఇచ్చేవాళ్లు. పటం మీద దిమ్మెలు జరిపేది, పాచిక వేసేది, ఎవరికి ఏం కనిపించిందో చెప్పేది ఆయనే. ప్రష్యా జనరల్ స్టాఫ్ అధిపతి మ్యూఫ్లింగ్ ఇది చూసి, ఇది ఆట కాదు, యుద్ధానికి శిక్షణ అని మెచ్చుకుని సైన్యమంతటికీ సిఫార్సు చేశాడు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. శత్రువు కనిపించకపోవడం, వార్త ఆలస్యంగా అందడం, ఆజ్ఞ ఇచ్చాక వెనక్కి తీసుకోలేకపోవడం ఇవన్నీ ఆ ఆటలో మొదటి నుంచీ ఉన్నాయి. అదంతా అంపైర్ చలవే. కానీ పట్టికలన్నీ చూసి లెక్క తేల్చేసరికి ఆయన పని తడిసి మోపెడయ్యేది. 1876లో వెర్డీ దు వెర్నువా అనే ప్రష్యా అధికారి పట్టికలూ పాచికలూ తీసేసి, అనుభవం ఉన్న అంపైర్ మాటే తీర్పు అన్నాడు. ఆట వేగం పుంజుకుంది. దాంతో పాటే కొత్త చిక్కు వచ్చింది: తీర్పు ఎందుకలా వచ్చిందో ఆడేవాడికి తెలియదు, నమ్మాలి అంతే.

పట్టికల లెక్క ఒక కొస, అంపైర్ మాట ఇంకో కొస. ఈ రెండూ గుర్తుంచుకుంటే తర్వాతి కథ సులువు.

1950ల్లో అమెరికాలో చార్లెస్ రాబర్ట్స్ ఈ ఆటను అట్టపెట్టెలో పెట్టి మామూలు జనానికి అమ్మాడు. ఆయన పెట్టిన అవలాన్ హిల్ కంపెనీ 1961 నాటికి పటాన్ని తేనెపట్టులా ఆరు మూలల గడులుగా మార్చింది. పెట్టెలో అంపైర్ ఉండడు కదా. ఆయన బాధ్యత రూల్స్ పుస్తకం మీద, ఆడే ఇద్దరి నిజాయితీ మీద పడింది. అదే సమయంలో శత్రువు కనిపించకుండా దాగే మరుగు పోయింది. ఇద్దరూ ఒకే బల్ల మీదకి వంగి చూస్తుంటే ఇంకేం దాగుతుంది?

1970లో అదే కంపెనీ నుంచి జిమ్ డనిగన్ రూపొందించిన పాంజర్‌బ్లిట్జ్ వచ్చింది. ప్లాటూన్లు, కంపెనీలు అనే చిన్న సైనిక దళాల స్థాయికి దిగిన ఆట ఇది. మన దళం ఒకటి పక్క గడిలో ఉంటే తప్ప అడవిలో ఉన్న ట్యాంకును కొట్టలేమన్నది అందులో రూలు. శత్రువు కదులుతుండగా కాల్చే వీలు లేదు. దాంతో ట్యాంకులు ఒక తోపు నుంచి ఇంకో తోపులోకి బట్టబయలు మైదానం మీదుగా దర్జాగా పరిగెత్తేవి. ఆటగాళ్లు దీనికి పాంజర్‌బుష్ అని పేరు పెట్టారు. 1974లో పాంజర్ లీడర్‌లో, కదిలేవాడిని మధ్యలోనే కాల్చే రూలు చేర్చి దీన్ని సరిచేశారు. బల్ల ఆటలో నాకు బాగా నచ్చేది ఇదే. లోపం అందరి కళ్ల ముందూ ఉంటుంది, దాన్ని ఎవరైనా ఎత్తి చూపవచ్చు.

1977లో జాన్ హిల్ తయారుచేసిన స్క్వాడ్ లీడర్ ఇంకా కిందికి, స్క్వాడ్ అనే పదిమంది సైనికుల జట్టు దాకా దిగింది. గడి అంటే 40 మీటర్లు, వంతు అంటే రెండు నిమిషాలు. జర్మన్ స్క్వాడ్ బిళ్ల మీద 4-6-7 అని ఉంటుంది. కాల్పుల బలం 4, దూరం 6 గడులు, గుండె నిబ్బరం 7. అలాంటి మూడు స్క్వాడ్లు ఒక మంచి నాయకుడితో కలిసి రాతి భవనం మీద కాల్చాయనుకోండి. బలం 12. పాచికల మొత్తం ఎంత తక్కువైతే దెబ్బ అంత గట్టిది. నాయకుడి వల్ల అందులోంచి 2 తగ్గుతుంది, రాతి గోడ వల్ల 3 పెరుగుతుంది. ఆ భవనం కనిపిస్తోందా లేదా అని అనుమానం వస్తే గడి మధ్య చుక్క నుంచి అవతలి చుక్కకు దారం లాగి చూస్తారు. దెబ్బ తగిలితే అవతలివాళ్లు రెండు పాచికలు వేసి, మొత్తం తమ నిబ్బరం అంకెను దాటకుండా నిలబెట్టుకోవాలి. నిబ్బరం 7 అయితే 36 అవకాశాల్లో 21 సార్లు నిలబడతారు. 6 అయితే 15 సార్లే. ఒక్క అంకె తేడాతో సగానికి పైనున్నది సగం కిందికి పడిపోతుంది. దీన్ని మీ చేత్తో నాలుగుసార్లు లెక్కవేస్తే, ముందు కాల్పులతో శత్రువు తల ఎత్తకుండా చేసి ఆ తర్వాతే ఎందుకు కదలాలో ఒంటబడుతుంది. ఇది తెర నేర్పలేని చదువని నేను గట్టిగా నమ్ముతాను.

దానికి చెల్లించే మూల్యమూ చిన్నది కాదు. విస్తరణలు వచ్చి పడి, 1985లో అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ వచ్చేసరికి రూల్స్ పుస్తకం లావుపాటి రింగ్ బైండర్ అయింది. ఇద్దరు మనుషులు అంత భారం మోయడం కష్టమే. ఒంటరిగా ఆడేవాళ్లు రెండు పక్షాలూ తామే అయ్యేవాళ్లు.

కంప్యూటర్ వచ్చింది ఆ ఖాళీలోకే. 1979లో జోయెల్ బిల్లింగ్స్ ఎస్‌ఎస్‌ఐ అనే కంప్యూటర్ ఆటల కంపెనీ మొదలుపెట్టి, 1980లో కంప్యూటర్ బిస్మార్క్ అనే ఆట విడుదల చేశాడు. అదే ఏడు అవలాన్ హిల్ కూడా కంప్యూటర్ ఆటల్లోకి దిగింది. అంపైర్ తిరిగి వచ్చాడు, ఈసారి యంత్రం లోపల. మరుగు వచ్చింది, ఎదురాట మనిషి అక్కర్లేకుండా పోయాడు. 1995లో గారీ గ్రిగ్స్‌బీ తయారుచేసిన స్టీల్ పాంథర్స్ బల్ల ఆట పద్ధతినే చాలావరకు తెర మీద నడిపించింది.

అసలు మలుపు తర్వాతి రెండు ఆటలది. రెండూ స్క్వాడ్ లీడర్‌ను కంప్యూటర్లోకి తేవాలన్న ప్రయత్నాల్లోంచే పుట్టాయి. అవలాన్ హిల్‌తో ఒప్పందం చెడ్డాక అటామిక్ గేమ్స్ తన పనిని 1996లో క్లోజ్ కాంబాట్‌గా మార్చింది. అందులో భయపడిన సైనికుడు మీ ఆజ్ఞ వినడు. రెండోది కాంబాట్ మిషన్, 2000లో వచ్చింది. ఇద్దరూ ఆజ్ఞలిచ్చి ఆపేస్తారు, తర్వాత 60 సెకన్లు రెండు పక్షాలూ ఒకేసారి కదులుతాయి, మీరు చేతులు కట్టుకుని చూడాలి. 1824 నాటి రైస్విట్జ్ చూస్తే తన ఆటను ఇట్టే గుర్తుపట్టేవాడు. కానీ మీ ట్యాంకు ఎందుకు తగలబడిందో యంత్రం పూర్తిగా చెప్పదు. గుండు కవచాన్ని చీల్చిందని చెబుతుంది, ఏ లెక్క ప్రకారమో లోపలే ఉండిపోతుంది. వెర్డీ అంపైర్ మీద వచ్చిన ఫిర్యాదే ఇది.

1998లో అవలాన్ హిల్ హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీ చేతికి వెళ్లింది. అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ మల్టీ-మ్యాన్ పబ్లిషింగ్ దగ్గర బతికింది. దాన్ని ఇంటర్నెట్‌లో ఆడుకోవడానికి రోడ్నీ కిన్నీ రాసిన వీఏఎస్‌ఎల్ అనే ప్రోగ్రామ్ పెరిగి పెద్దదై వాసల్ అయింది. ఇప్పుడు అందులో వందల ఆటలున్నాయి, డౌన్‌లోడ్ ఉచితం. పటం, బిళ్లలు, పాచికలు తెర మీద ఉంటాయి. రూల్స్ మాత్రం మనుషుల దగ్గరే ఉంటాయి, తప్పు ఎత్తు వేస్తే వాసల్ అడ్డుకోదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి, పెట్టె విదేశం నుంచి తెప్పించుకుంటే షిప్పింగ్, కస్టమ్స్ కలిసి తడిసి మోపెడవుతుందని టెన్షన్ పడేవాళ్లకు, ఎదురాటకు ఊళ్లో ఎవరూ దొరకనివాళ్లకు ఇది పెద్ద ఊరట.

నన్నడిగితే, చీకట్లో తడుముకునే ఆ గుబులు కావాలంటే కాంబాట్ మిషన్ ఆడండి. అందులో బల్ల ఆటలు దాని దరిదాపుల్లోకి రావు. ఎత్తుగడ ఎందుకు ఫలిస్తుందో తెలుసుకోవాలంటే ముందు బల్ల దగ్గర, లేదా వాసల్‌లో ఇంకో మనిషితో మొదలుపెట్టండి. మల్టీ-మ్యాన్ 2004 నుంచి తెస్తున్న స్టార్టర్ కిట్లు రింగ్ బైండర్ జోలికి పోకుండానే ఆడించేస్తాయి. మొదటి కిట్‌లో ఉన్నది కాల్బలమే. ట్యాంకులు మూడో కిట్‌లో వస్తాయి.