సుంకి ఘాటీలో బజ్జీల మూకుడు, బండిలో టర్బో

రాయగడలో మా వీధి చివరి కుర్రాడు ఒకడు టర్బో డీజిల్ బండి కొని, కోరాపుట్, సాలూరు మధ్య కిరాయిలకు తిప్పుతున్నాడు. కొన్నరోజే మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజ చేయించి, ముందు బంపరుకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. సర్వీసు టైమొచ్చాక నా దగ్గరికొచ్చాడు. "మాస్టారూ, ఈ సింథటిక్ ఆయిలంటే ఏటండీ? నిజంగా తేడా ఉంటాదా, మనకి అంటగట్టడమేనా?"

రెండూ ఉన్నాయన్నాను. వాడికి నచ్చలేదు. ఒక్క ముక్కలో చెప్పమన్నాడు. చెప్పలేక ఇది రాస్తున్నాను.

టర్బో ఏం చేస్తుందో ఇక్కడ వివరించను. పొగతో తిరిగే చక్రం, అదే ఇరుసుకి రెండో చివర గాలిని ఇంజన్లోకి దట్టించే చక్రం. 1905లో స్విస్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బూషి పేటెంటు తీసుకున్న ఆలోచన. అంతే. నా ఆసక్తంతా ఆ రెండింటి మధ్య ఉన్న ఇరుసు మీద. పెన్సిలంత లావుంటుంది. చిన్న కార్లలో అయితే నిమిషానికి రెండు లక్షల చుట్లు తిరుగుతుంది. ఒక పక్కన ఏడెనిమిది వందల డిగ్రీల పొగ, రెండో పక్కన బయటి గాలి. చాలా టర్బోల్లో దీనికి బాల్ బేరింగులు కూడా ఉండవు. ఒక కంచు బుష్, దానికి లోపలా బయటా నూనె పొర. ఇరుసు నూనెలో తేలుతుంది, బుష్ కూడా తేలుతూ నెమ్మదిగా తిరుగుతుంది. ఇనుమూ కంచూ ఒకదాన్నొకటి తాకకూడదు.

నూనె లోహాన్ని ఇలా ఎత్తి పట్టుకుంటుందని 1880ల దాకా ఎవరూ సరిగ్గా చూడలేదు. ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజినీరు రైలు ఇరుసుల బేరింగులు పరీక్షిస్తూ, నూనె పోయడానికి బేరింగు పైభాగంలో కన్నం పెట్టాడు. నూనె లోపలికి పోకుండా ఆ కన్నంలోంచి పైకి తన్నుకొచ్చింది. బిరడా బిగించాడు, అది బయటికొచ్చింది. చెక్క మేకు కొట్టాడు, అదీ మెల్లగా పైకి లేచింది. చివరికి ప్రెజర్ గేజి పెడితే ముల్లు చివరిదాకా పోయింది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి లెక్క కట్టాడు: తిరిగే ఇరుసే నూనెను ఇరుకు సందులోకి ఈడ్చుకుపోయి, అక్కడ ఒత్తిడి పుట్టించి, తన బరువు తానే లేపుకుంటుంది. ఇంటర్ పిల్లలకి రేనాల్డ్స్ సంఖ్య బట్టీ పట్టిస్తాం, ఈ చెక్క మేకు సంగతి మాత్రం చెప్పం. ఘర్షణ పాఠమంటే ఇప్పటికీ బల్ల మీద చెక్కదిమ్మను లాగడమే.

ఇక ఘాటీకి వద్దాం. సాలూరు దాటాక 26వ నంబరు హైవే కొండెక్కుతుంది. లోడు బండి సెకండు, థర్డు గేర్లలోనే మూలుగుతూ వస్తుంది. పైకి పోయేకొద్దీ గాలి పల్చబడుతుంది. దాదాపు 870 మీటర్ల ఎత్తున్న కోరాపుట్‌లో గాలి ఒత్తిడి సముద్రమట్టం కంటే పదోవంతు తక్కువ. ఆ లోటు పూడ్చాలని టర్బో ఇంకా వేగంగా తిరుగుతుంది. సరిగ్గా అప్పుడే సుంకి దగ్గర టీ కొట్టు కనిపిస్తుంది. బండి పక్కకి తీస్తారు, టక్కున కీ తిప్పేస్తారు.

ఆ కొట్టులో బజ్జీల మూకుడు ఒకసారి చూడండి. మధ్యలో నూనె పొద్దున్నించీ కాగుతున్నా ఇంకా తేనె రంగులోనే ఉంటుంది. నూనె మట్టానికి పైన, మూకుడు అంచు చుట్టూ మాత్రం నల్లటి పెచ్చు. అదే నూనె, అదే పొయ్యి. తేడా ఏమిటంటే మధ్యలో నూనె కదులుతోంది. తడి పిండి పడినప్పుడల్లా చల్లబడుతోంది, గరిటె తిప్పినప్పుడల్లా కిందిది పైకి వస్తోంది. అంచు మీద చిమ్మిన చుక్క కదల్లేదు. కాలిన ఇనుముకి పల్చగా అతుక్కుపోయింది, పైనంతా గాలి. ఆక్సిజన్ ఒక్కో అణువునీ పట్టుకుని పక్కదానికి ముడేస్తుంది. ముందు పసుపుగా జిగురు, తరవాత గోధుమ రంగు వార్నిష్, చివరికి ఇటుక పొడితో తోమినా వదలని నలుపు. ఇంకో సంగతి: మూకుడు అంచు నల్లబడినంత వేగంగా అడుగు నల్లబడదు, అడుగు నిప్పుకి ఎంత దగ్గరగా ఉన్నా సరే. వేడి ఒక్కటే శత్రువైతే జరగాల్సింది అది కాదు.

ఇంజను నడుస్తున్నంతసేపూ టర్బో బేరింగు మూకుడు మధ్యభాగం. పంపు నూనెను ధారగా తోస్తూనే ఉంటుంది, వచ్చిన నూనె వేడి పట్టుకుని కిందికి జారిపోతుంది. అక్కడ నూనె చేసే సగం పని జారించడం, మిగతా సగం వేడి మోయడం. కీ తిప్పగానే పంపు ఆగుతుంది, బేరింగు ఒక్క క్షణంలో మూకుడు అంచైపోతుంది. పైగా పొయ్యి ఆరిపోలేదు. పొగ చక్రం చుట్టూ ఉన్న పోత ఇనుము దాచుకున్న వేడంతా ఇరుసు వెంట బేరింగులోకి పాకుతుంది. అందుకే ఇంజను ఆపాక కాసేపు బేరింగు వేడి తగ్గదు, పెరుగుతుంది. ఇలాంటి రసాయన చర్యలు ప్రతి పది డిగ్రీలకీ ఇంచుమించు రెట్టింపు వేగం అందుకుంటాయి. యాభై డిగ్రీలు పెరిగితే ముప్పై రెండు రెట్లు.

ఆ నలుపు నేను చేత్తో పట్టుకుని చూశాను. మెకానిక్ ఒక పాత టర్బో విప్పి, నూనె వచ్చే పైపుని బిగించే, మధ్యలో నూనెకి కన్నమున్న బాంజో బోల్టు నా అరచేతిలో పెట్టాడు. అగ్గిపుల్ల దూరాల్సిన కన్నంలో గుండుసూది కూడా దూరలేదు. సూదితో గోకితే బొగ్గు పెచ్చులా రాలింది. ఇరుసు మీద ఒకచోట నెమలికంఠం రంగు పట్టీ కనబడింది, నూనె అందక ఉక్కు కాలిన గుర్తు.

పోలిక ఇక్కడ కొంచెం తెగుతుంది. బజ్జీల నూనె అణువుల్లో జంట బంధాలుంటాయి, అందుకే అది పెయింటులా గట్టిపడుతుంది. ఇంజను నూనెలో అవి దాదాపు ఉండవు, దాన్ని మాడ్చడం అంత తేలిక కాదు. కానీ ముడి చమురు నుంచి వచ్చే మామూలు మినరల్ ఆయిలు కల్తీ బియ్యం బస్తా లాంటిది: పొడుగు గింజ, నూక, రాళ్ళు అన్నీ ఉంటాయి. మైనం, గంధకం, ఉంగరం ఆకారపు అణువులు. చిన్నవి ముందే ఆవిరైపోతాయి, బలహీనమైనవి ముందే మాడతాయి. సింథటిక్‌లో మేలురకం పీఏఓ, అంటే పాలీ ఆల్ఫా ఓలెఫిన్. పది కార్బన్ల డెసీన్‌ను మూడూ నాలుగూ కలిపి కట్టి, ఇంచుమించు ఒకే సైజు గింజలు తయారుచేస్తారు. నోయాక్ అని ఒక పరీక్ష ఉంది: నూనెను 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి ఎంత ఎగిరిపోయిందో తూచడం. పొగలోని మసిని పట్టే జల్లెడ, అంటే డీపీఎఫ్, ఉన్న బండ్లకి చెప్పే ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదారుల సంఘం) సీ3 రకం నూనె 13 శాతం మించి కోల్పోకూడదు.

అంటగట్టడం ఎక్కడంటారా? ముడి చమురు నుంచే వచ్చినా హైడ్రోజన్‌తో గట్టిగా శుద్ధిచేసిన గ్రూప్ 3 నూనెను సింథటిక్ అనొచ్చా అని అమెరికాలో రెండు కంపెనీలు తగువు పడ్డాయి. అనొచ్చని 1999లో తీర్పొచ్చింది. అప్పట్నుంచి డబ్బా మీద ఆ మాట ఒక్కటే చూసి చెప్పగలిగింది తక్కువ. గ్రూప్ 3 చెడ్డదని కాదు, బాగానే పనిచేస్తుంది. ముందు బొమ్మ వదిలేసి వెనక చిన్న అక్షరాలు చదవండి. 2020 ఏప్రిల్ తరవాతి బీఎస్6 డీజిలైతే బూడిద తక్కువ మిగిల్చే నూనే పొయ్యాలి. పాత నూనెల్లోని కాల్షియం, జింకు కాలి బూడిదై డీపీఎఫ్‌లో చేరతాయి, ఆ బూడిద మళ్ళీ కాలదు. టర్బో పెట్రోలైతే అదే కాల్షియం ఇంకో తగువు తెస్తుంది, స్పార్కు పడకముందే మంట అంటుకోవడం. పెట్రోలు ఇంజను నూనెలకి అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పెట్టిన ఏపీఐ ఎస్పీ గ్రేడు వచ్చిన కారణాల్లో అదొకటి. డీపీఎఫ్ లేని పాత బండికి మాన్యువల్‌లో 15డబ్ల్యూ-40 మినరల్ అని ఉంటే, అదే పోసి టైముకి మార్చండి చాలు. టైము దాటిన సింథటిక్ కంటే అది నయం.

"మనకి మంచు పడదు కదా, 5డబ్ల్యూ ఎందుకండీ" అని కూడా అడిగాడు. డబ్ల్యూ అంటే వింటర్, దాని ముందు అంకె ఎంత తక్కువైతే చలిలో నూనె అంత తేలిగ్గా పారుతుంది. 40 డిగ్రీల దగ్గర 15డబ్ల్యూ-40 చిక్కదనం సుమారు 110 సెంటిస్టోకులుంటే, 5డబ్ల్యూ-30ది 70 దాకా ఉంటుంది. డిసెంబరు తెల్లవారుజామున సెమిలిగుడలో బండి స్టార్ట్ చేస్తే టర్బోకి ముందు చేరేది ఏదో చెప్పక్కర్లేదు.

ఫిల్టరు సంగతి. ఒకసారి బజారులో చవగ్గా దొరికిందని కొన్న ఫిల్టరును వాడకముందే హేక్సా బ్లేడుతో కోశాను. లోపల కాగితం మడతలు పల్చగా ఉన్నాయి, ఒకచోట జిగురు విడిపోయింది, నూనె వెనక్కి జారకుండా ఆపే రబ్బరు వాల్వు అట్టముక్కలా గట్టిగా ఉంది. ఆ రబ్బరు మెత్తగా లేకపోతే రాత్రికి ఫిల్టరు ఖాళీ అవుతుంది, పొద్దున్నే మొదటి కొన్ని క్షణాలు టర్బోకి నూనె ఉండదు. ఫిల్టరులో బైపాస్ వాల్వు కూడా ఒకటుంది. కాగితం మూసుకుపోతే ఒక బార్ అటూ ఇటూ ఒత్తిడికి అది తెరుచుకుని, వడకట్టని నూనెనే వదిలేస్తుంది. ఎండిపోవడం కంటే మురికి నయమని డిజైన్ చేసినవాడి లెక్క. కానీ ఇరుసు చుట్టూ నూనె పొర మందం, బాగా సన్నబడిన చోట, కొన్ని మైక్రాన్లే, తల వెంట్రుక డెబ్బై మైక్రాన్లు.

గాలి ఫిల్టరుని కంప్రెసరు గాలితో ఊదించి మళ్ళీ పెట్టేవాళ్ళున్నారు. ఆ దెబ్బకి కాగితంలో కంటికి కనపడని చిల్లులు పడతాయి. 45 మిల్లీమీటర్ల గాలి చక్రం రెండు లక్షల చుట్లు తిరుగుతుంటే దాని రెక్క అంచు వేగం సెకనుకి 470 మీటర్లు, ధ్వని కంటే ఎక్కువ. మన ఎర్రమట్టి రేణువు ఆ రెక్కకి ఎదురెళ్ళడమంటే తుపాకీ గుండుకి ఎదురెళ్ళడమే, రోజుకి వేలసార్లు.

పోయిన వారం ఆ కుర్రాడి బండిలోనే సాలూరు నుంచి వచ్చాను. సుంకి దగ్గర ఆగి, నేను చెప్పినట్టే ఇంజన్ని ఒక నిమిషం ఊరికే తిరగనిచ్చాడు, పంపు ఆగేలోగా నూనె బేరింగు వేడి మోసుకుపోవాలని. మూకుడు వైపు చూసి నవ్వాడు కూడా. తరవాత కీ తిప్పేముందు యాక్సిలరేటరు ఒక్కసారి గట్టిగా తొక్కి, రయ్యిమనిపించి ఆపాడు. టర్బో వేగం అందుకుంది, పంపు ఆగిపోయింది, ఇరుసు ఆ ఊపులోనే నూనె లేకుండా తిరుగుతోంది.

"అదేంట్రా?"

"ఆయిలు పైకెక్కి నిలవుంటాదండీ మాస్టారూ. లారీ నేర్పినప్పుడు మా గురువు చెప్పాడు."