ఆగుంబె అడవి: అందరూ జలగల గురించే అడుగుతారు, గోమారి గురించి ఎవరూ అడగరు

జూన్ రాగానే నాకు హైదరాబాద్ నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఆగుంబెకి ఎప్పుడు తీసుకెళ్తున్నావన్నా అని అడిగి, ఊపిరి తీసుకోకుండానే జలగలుంటాయా, కింగ్ కోబ్రా రూములోకి వస్తుందా అంటారు. పదేళ్లకు పైగా చిన్న చిన్న బృందాలను కర్ణాటక పడమటి కనుమల్లోని ఆ అడవిలో నడిపిస్తున్నాను, ఇంతవరకూ ఒక్కరు కూడా గోమారి గురించి అడగలేదు. గోమారి అంటే గొడ్ల చెవుల్లో కనిపించే పురుగే, మనవైపు పిడుదు అని కూడా అంటాం. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: జలగ పట్టిందంటే జబ్బే.

జలగలుంటాయి, పడతాయి కూడా. ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే చోట వాటిని తప్పించుకోలేం. కానీ అడవి జలగ వల్ల మనకు రోగాలు రావు. దాని లాలాజలం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు కాబట్టి, ఊడాక కూడా చాలాసేపు రక్తం కారుతూనే ఉంటుంది. జలగ పట్టింది చూడగానే చాలామంది కంగారుపడి ఉప్పు చల్లుతారు, లైటరు పెడతారు. అలా చేస్తే అది పొట్టలో ఉన్నది గాయంలోకి కక్కుతుంది, చీము పట్టేది అప్పుడే. వేలిగోరును సన్నగా ఉన్న వైపు, అంటే నోటి దగ్గర పెట్టి పక్కకు గీకండి, వచ్చేస్తుంది. సబ్బుతో కడుక్కుని నడక సాగించండి. మోకాళ్ల దాకా వచ్చే లీచ్ సాక్సులు వేసుకుంటే సగం బాధ తప్పుతుంది.

అపోహ: వానలు తగ్గాక వెళ్తే ఏ భయమూ ఉండదు.

జలగలు తగ్గుతాయి, నిజమే. గోమార్ల కాలం అప్పుడే మొదలవుతుంది. ఆగుంబె ఉన్నది శివమొగ్గ జిల్లాలో. గోమారి కాటుతో సోకే క్యాసనూరు అడవి జ్వరాన్ని 1957లో మొదట గుర్తించింది ఈ జిల్లాలోనే. అడవిలో కోతులు చచ్చిపడుతుంటే వెతికి కనిపెట్టారు, అక్కడివాళ్లు దాన్ని మంగన కాయిలె అంటారు, కోతి జబ్బు అని. డిసెంబరు నుంచి మే దాకా ఎక్కువ. ఆ నెలల్లో వెళ్తే ఎండుటాకుల మీద కూర్చోకండి, ప్యాంటు సాక్సులోకి దోపుకోండి, తిరిగొచ్చాక వేడినీళ్ల స్నానం చేసి చంకలు, మోకాళ్ల వెనక, చెవుల వెనక వెతుక్కోండి. చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరికి పోకుండా ఊళ్లో చెప్పండి. ఇంటికొచ్చిన పది రోజుల్లో గట్టి జ్వరం, తలనొప్పి వస్తే డాక్టరుకి మొట్టమొదట చెప్పాల్సిన మాట శివమొగ్గ అడవికి వెళ్లొచ్చాం అనే. చెప్పకపోతే వాళ్లు డెంగీ అనుకునే ప్రమాదం ఉంది.

అపోహ: రాచనాగు (కింగ్ కోబ్రా) మనిషిని వెంటాడి కాటేస్తుంది.

మన ఉత్తరాంధ్ర కొండల్లో గిరినాగు అంటారే, దాదాపు అదే. పడమటి కనుమల్లో ఉన్నది వేరే జాతి అని తేల్చి 2024లో దానికి అక్కడి కన్నడ పేరుతోనే కాళింగ అని పేరు పెట్టారు. దాని తిండి ముఖ్యంగా మిగతా పాములు. ఇళ్లలోకి వచ్చేది జెర్రిపోతుల వెంటపడి. ఆగుంబె చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దాన్ని చంపరు, దణ్ణం పెట్టి దారిస్తారు, నాకు ఆ ఊళ్లంటే అంత ఇష్టం అందుకే. ఆకులు పోగేసి గూడు కట్టి గుడ్లు పెట్టే పాము ఇదొక్కటే. పడగ ఎత్తిందంటే ఆగమని చెప్తున్నట్టు, మెల్లగా వెనక్కి జరిగితే దాని దారిన అది పోతుంది.

నేను భయపడేది ఇంకో పాముకి. ముక్కు కొన పైకి లేచి, అడుగు, అడుగున్నర పొడవుండే హంప్‌నోస్డ్ పిట్ వైపర్. ఎండుటాకుల్లో కలిసిపోతుంది. ఒకసారి మా బృందంలో ఒకాయన ఫోటో కోసం మోకాలు ఆనించబోయిన చోట అది చుట్ట చుట్టుకుని ఉంది, నేను చొక్కా పట్టి లాగాను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

అపోహ: ఆస్పత్రిలో పాము ఇంజెక్షన్ ఉంటే చాలు.

మన దేశంలో దొరికే ఆ మందు నాలుగు పాములకే తయారవుతుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. రాచనాగుకీ, హంప్‌నోస్డ్ పిట్ వైపర్‌కీ అది విరుగుడు కాదు. చూడకుండా చెయ్యి పెట్టకపోవడం, టార్చి లేకుండా రాత్రి అడుగు వెయ్యకపోవడం, ఇవే మందు. ఎవరైనా పామును పట్టి మీ చేతికిస్తామంటే ఆ టూరు అక్కడితో మానేయండి, అది 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా.

అపోహ: ఇంత అడవిలో జంతువులు వరసగా కనిపించాలి.

ఫరహాబాద్ సఫారీ జీపు ఎక్కినవాళ్లకు ఈ ఆశ ఉంటుంది. నల్లమలలో ఎండాకాలం ఆకు రాలితే చూపు దూరం పోతుంది. ఆగుంబెలో ఏడాదంతా ఆకు దట్టంగా ఉంటుంది, పదడుగుల అవతల ఏముందో తెలియదు. పులి కోసం వస్తే నిరాశే. వానలో రాత్రిపూట గుంట పక్కన నిలబడండి, నీళ్ల మీదికి వంగిన కొమ్మకు తెల్లటి నురుగు ముద్ద వేలాడుతుంటుంది, అది ఎగిరే కప్ప గూడు. గుడ్లు పగిలాక తోకకప్పలు అక్కణ్ణుంచి నేరుగా నీళ్లలోకి జారతాయి. మలబార్ పిట్ వైపర్ ఒకే కొమ్మ మీద రోజుల తరబడి కదలకుండా ఉంటుంది. మొదటి రోజు చూపించిన పామును మూడో రోజు ఉదయం మళ్లీ చూపిస్తే, జంతువులేవీ లేవన్నా అని గొడవపెట్టిన కుర్రాడే అరగంట దాని ముందు నుంచి కదల్లేదు.