కూర్చునే వచ్చాం, ఒళ్ళెందుకు హూనమైంది?

క్రూజ్‌కి వెళ్ళొచ్చిన కుటుంబాన్ని పలకరించి చూడండి. "ఓడలో బ్రహ్మాండంగా గడిచింది గానీ, వచ్చేటప్పుడే ప్రాణం మీదికొచ్చింది" అంటారు. ఓడలో వంట లేదు, అంట్ల గొడవ లేదు. చెన్నై రేవులో దిగారు, రాత్రి రైలెక్కి బెర్తుల మీద పడుకున్నారు, రాజమండ్రిలో కారెక్కి అమలాపురం చేరారు. దారి మొత్తంలో నడిచింది ప్లాట్‌ఫారాల మీదే. అయినా రోజంతా వరికోతకు వెళ్ళొచ్చినవాళ్ళలా ఒళ్ళు నొప్పులు, కళ్ళ మంటలు, రెండు రోజులు వదలని మగత.

వయసు మీద పడిందని కొందరు, దిష్టి తగిలిందని కొందరు సరిపెట్టుకుంటారు. సెలవులు అయిపోయాయన్న దిగులే అలసటలా కనిపిస్తోందని తేల్చేసేవాళ్ళూ ఉన్నారు. నేను మాత్రం ఒళ్ళు చెప్పే మాటనే నమ్ముతాను. కదిలే బండిలో కూర్చున్న మనిషి ఊరికే కూర్చున్నట్టు కనిపిస్తాడు గానీ, అతని చెవి, కన్ను, మెడ, నడుము, గుండె గంటల తరబడి పనిచేస్తూనే ఉంటాయి.

అన్నిటికంటే ఎక్కువ పని లోపలి చెవిది. ఒక్కో చెవిలో మూడు అర్ధవృత్తాకార నాళాలు, వాటి పక్కనే రెండు చిన్న సంచులు ఉంటాయి. తల ఎటు తిరిగినా నాళాల్లోని ద్రవం ఆ సంగతి పసిగడుతుంది. సంచుల్లో జిగురు పొర మీద సన్నటి కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు పరుచుకుని ఉంటాయి. నత్తగుల్లల్లో ఉండేది కూడా ఈ పదార్థమే. బండి వేగం మారినా, ఓడ పైకి లేచినా ఆ స్ఫటికాలు కాస్త వెనకబడి, కింద ఉన్న సన్నని రోమాల్ని వంచుతాయి. ఆ వంపే మెదడుకి కబురు.

చిక్కు ఎక్కడంటే, ఓడ గదిలో గోడలు, మంచం, బల్ల అన్నీ మనతో పాటే కదులుతాయి. కాబట్టి కన్నుకి ఏ కదలికా కనిపించదు. చెవి మాత్రం లేస్తున్నాం, దిగుతున్నాం అని పోరు పెడుతుంది. ఇంద్రియాల మధ్య ఈ పేచీయే వికారానికి మూలమని బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ 1970ల్లో వివరించాడు. ఆయన మాటల్లో నాకు బాగా నచ్చిన భాగం ఇంకొకటుంది. అసలు పేచీ ఇప్పుడు అందుతున్న కబురుకీ, పాత అనుభవంతో మెదడు ముందే ఊహించుకున్న కబురుకీ మధ్య వస్తుందంటాడు. కారు నడిపేవాడికి కడుపులో తిప్పకుండా వెనక సీట్లో ఫోన్ చూసేవాడికి తిప్పడం అందుకే. స్టీరింగ్ తిప్పే చేతికి, మలుపు వస్తోందని ముందే తెలుసు.

ఇలా తిప్పే విషయంలో అన్ని ఊపులూ ఒకటి కాదు. సుమారు ఐదు సెకన్లకోసారి నిలువుగా లేచి దిగే ఊపు, అంటే 0.2 హెర్ట్జ్ దగ్గరది, మనిషికి అస్సలు పడదు. సముద్రం మీద పెద్ద ఓడ ఊగేది కూడా దాదాపు ఆ లెక్కలోనే. పెద్ద ఓడలకి పక్కల ఊపును తగ్గించే రెక్కలుంటాయి. ముందుకీ వెనక్కీ తూగే ఊపును అవి పెద్దగా ఆపలేవు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం వెళ్ళేవాళ్ళకి ఈ బాధ తెలియదు. వశిష్ఠ గోదావరి పాయ మీద గాలికి లేచే చిన్న అలలు గబగబా వచ్చిపోతాయి, వెడల్పాటి పంటు వాటిని లెక్కచేయదు. పాపికొండల లాంచీ ప్రయాణమూ అంతే. "గోదారోళ్ళం, మాకు నీళ్ళు కొత్తా!" అనుకుంటూ సముద్రం మీదికి వెళ్ళి, మొదటి రాత్రే వాంతులతో మంచం పట్టేవాళ్ళు ఉంటారు. వాళ్ళ గోదావరి అనుభవం అక్కడ చెల్లదు మరి. అంతర్వేది వైపు నుంచి వేటకెళ్ళే మత్స్యకారుల సంగతి వేరు. సముద్రపు ఊపు ఎలా ఉంటుందో వాళ్ళ మెదడుకి చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఇంట్లో కూడా అందరికీ ఒకేలా ఉండదు. రెండేళ్ళ లోపు పిల్లలకి ప్రయాణం దాదాపు ఏమీ చేయదు. ఆరేడేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా పిల్లలకి ఎక్కువగా పడదు. పెద్దయ్యేకొద్దీ తగ్గుతుంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి ఎక్కువ. అమ్మమ్మ కులాసాగా జంతికలు తింటూ ఉంటే, పదేళ్ళ మనవరాలు పాలిథీన్ కవర్ పట్టుకుని కూర్చునేది అందుకే.

వాంతి రాలేదు కదా, తప్పించుకున్నాం అనుకోవడానికీ లేదు. అమెరికా నౌకాదళ పరిశోధనశాలకు చెందిన గ్రేబియల్, నెప్టన్ 1976లో ఒక సంగతి రాశారు. కదలికలో ఉన్న కొందరికి వికారం ఉండదు. ఆవలింతలు, మగత, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం మాత్రం ఉంటాయి. దీనికి సోపైట్ సిండ్రోమ్ అని పేరు. వాంతులైతే అందరికీ కనబడతాయి కాబట్టి నిమ్మకాయ తెచ్చేవాళ్ళూ, వీపు నిమిరేవాళ్ళూ ఉంటారు. ఈ మగతని ఎవరూ పట్టించుకోరు, ఆ మనిషికే తెలియదు. తిరుగు ప్రయాణాల్లో సూట్‌కేసు తాళం దగ్గర మొదలై పుట్టింటి దాకా వెళ్ళే మొగుడూపెళ్ళాల గొడవల్లో దీనికి కొంత వాటా ఉంటుందని నా సొంత అనుమానం.

సన్నటి అదురు కూడా నిద్ర తెప్పిస్తుంది. ఆస్ట్రేలియాలోని ఆర్‌ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్ళు 15 మందిని కారు నడుపుతున్నట్టు ఉండే ఏర్పాటులో కూర్చోబెట్టి, సీటుని సెకనుకి 4 నుంచి 7 సార్లు అదిరేలా చేశారు. పావుగంటలోనే మగత మొదలైంది. 2018లో వచ్చిన ఫలితం ఇది. దీనికి తోడు, వాంతులు రాకుండా ముందే వేసుకునే అవోమిన్ లాంటి మాత్రలున్నాయి. అవి పాతకాలపు యాంటీహిస్టమిన్లు, అంటే అలర్జీ మందుల జాతివి, మెదడు దాకా వెళ్ళి మత్తు తెస్తాయి. ఓడలో వేసుకున్నదానికి తోడు రైల్లో ఇంకొకటి వేసుకుంటే ఆ మత్తు ఇంటిదాకా వస్తుంది.

ఇంక ఇంటికొచ్చాక జరిగే అసలు వింత. స్నానాల గదిలో తలకి షాంపూ రాసుకుని కళ్ళు మూసుకోగానే నేల ఊగుతుంది. గోడ పట్టుకుంటే గానీ నిలవలేరు. బీపీ అనుకుని కంగారు పడేవాళ్ళున్నారు. మూడు నాలుగు రోజులు ఓడ మీద ఉన్న మెదడు ఆ లయని నేర్చేసుకుంటుంది. ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు దిగుతుంది అని ముందే లెక్కేసి, దానికి తగ్గట్టు కాళ్ళనీ నడుమునీ సర్దుతుంది. నేల మీదికి వచ్చాక ఆ లెక్క వెంటనే ఆగదు. కన్ను తెరిచి ఉన్నంతసేపు గోడలు, గుమ్మాలు చూసి సరిచేసుకుంటుంది. కన్ను మూస్తే ఆ ఆసరా కూడా పోతుంది. చార్లెస్ డార్విన్ తాత ఎరాస్మస్ డార్విన్ 18వ శతాబ్దం చివర్లోనే, పడవ దిగాక మిగిలే ఈ ఊపు గురించి రాశాడు.

చాలామందికి ఇది ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. 48 గంటలు దాటినా తగ్గకపోతే డాక్టర్లు దీన్ని మాల్ ద డెబార్క్‌మాన్ సిండ్రోమ్ కింద చూస్తారు. ఇది అరుదు, మధ్యవయసు స్త్రీలలో ఎక్కువ, నెలల తరబడి ఉండిపోవచ్చు. దీన్ని గుర్తుపట్టే ఆనవాలు తమాషాగా ఉంటుంది. కారులోనో బస్సులోనో వెళ్తున్నంతసేపు ఊపు మాయమవుతుంది, బండి ఆగగానే మళ్ళీ మొదలవుతుంది. మామూలుగా కళ్ళు తిరిగే జబ్బుల్లో ఇలా ఉండదు. చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు "ఓడ దిగినప్పటి నుంచీ ఇలా ఉంది, కారెక్కితే హాయిగా ఉంటుంది" అని చెబితే ఆయన పని సగం అయినట్టే. న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ వైద్య కళాశాలలో మింగ్‌జియా డాయ్, బెర్నార్డ్ కోహెన్ బృందం 2014లో దీనికో చికిత్స చూపించింది. చుట్టూ చారలు కదులుతూ ఉంటే, రోగి తలని ఓడ ఊపు లయలో పక్కలకి ఊపుతారు. నేర్చుకున్న పాఠాన్ని మెదడు చేత మరిపించే పద్ధతి ఇది.

నిద్ర సంగతి కూడా చెప్పుకోవాలి. కొత్తచోట మొదటి రాత్రి మెదడు పూర్తిగా పడుకోదు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మసాకో తమాకి, యూకా ససాకి 2016లో చూపిందేమిటంటే, ఆ రాత్రి గాఢనిద్రలో కూడా ఎడమ అర్ధగోళం సగం కాపలాలో ఉంటుంది, వింత చప్పుడు వినిపిస్తే త్వరగా స్పందిస్తుంది. వాళ్ళే అదే చోట రెండోసారి పడుకున్నప్పుడు ఆ తేడా కనిపించలేదు. మన కుటుంబం లెక్క చూడండి: వెళ్ళేటప్పుడు రైలు బెర్తు కొత్త, తర్వాత ఓడ మంచం కొత్త, వచ్చేటప్పుడు బెర్తు మళ్ళీ కొత్త. ఓడ దిగే ముందు రాత్రి సామాన్లు సర్ది గది బయట పెట్టాలి, పొద్దున్నే గది ఖాళీ చేయాలి. ఆ రాత్రి నిద్ర ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

కాళ్ళ వాపు కూడా ఉంటుంది. పిక్క కండరం కదిలినప్పుడల్లా నెత్తురుని పైకి నెడుతుంది. గంటల తరబడి కూర్చుంటే ఆ పని ఆగి, చెప్పులు బిగుతవుతాయి. నాలుగు గంటలు దాటిన ప్రయాణం తర్వాత సిరల్లో గడ్డ కట్టే ప్రమాదం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తేల్చింది. అయినా ఆరోగ్యవంతుల్లో అది సుమారు 6,000 మందిలో ఒకరికే. భయపడాల్సినంత లేదు, అప్పుడప్పుడూ లేచి రైలు పెట్టెలో నాలుగడుగులు వేస్తే చాలు. ఒక కాలికే వాపూ నొప్పీ వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

తిరుగు ప్రయాణం నిజానికి చిన్నగా అనిపించాలి. నెదర్లాండ్స్‌కి చెందిన నీల్స్ వాన్ డె వెన్ బృందం 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో, తిరుగుదారి 17 నుంచి 22 శాతం తక్కువ సమయం పట్టినట్టు జనానికి తోచింది. వెళ్ళేటప్పుడు తక్కువ ఊహించుకుని ఎక్కువ ఎదుర్కొంటాం, వచ్చేటప్పుడు ముందే ఎక్కువ ఊహించుకుంటాం కాబట్టి తేలిగ్గా గడుస్తుందని వాళ్ళ వివరణ. కోనసీమవాళ్ళకి ఇది తిరగబడుతుందేమో. రైలు కొవ్వూరు దాటి గోదావరి వంతెన ఎక్కగానే పెట్టె అంతా కిటికీల దగ్గరికి చేరుతుంది, చిల్లర నీళ్ళలో పడుతుంది, "వచ్చేశాం" అన్న మాట వినబడుతుంది. అమలాపురానికి ఇంకా రైలు రాలేదు. రాజమండ్రిలో దిగి సుమారు 60 కిలోమీటర్లు పోవాలి. మనసు వంతెన దగ్గరే ప్రయాణం ముగించేసింది గనక ఆ మిగిలిన దారి సాగుతూనే ఉంటుంది.

పైగా ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే డెల్టా ఉక్క. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడిని తీసుకుపోతుంది. ఆవిరైతేనే సుమా. గాలి నిండా తేమ ఉంటే చెమట కారి చొక్కాలో ఇంకుతుందే తప్ప ఒళ్ళు చల్లబడదు. ఆ వేడిని వదిలించుకోవడానికి గుండె చర్మానికి మరింత నెత్తురు పంపుతూ ఎక్కువగా కొట్టుకుంటుంది. ఏసీ పెట్టెలోంచి దిగి, సామాన్లు లాక్కుంటూ మెట్ల వంతెన ఎక్కిన నాన్నగారి ఆయాసం ఇదే.

ఇంత అయ్యాక, స్టేషన్ దగ్గర పెట్టి వెళ్ళిన కారు ఎక్కి, ఆ నాన్నే నడుపుతాడు. ప్రయాణం మొత్తంలో నన్ను నిజంగా భయపెట్టేది ఈ ముక్క. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, నెత్తుటిలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని డాసన్, రీడ్ అనే పరిశోధకులు 1997లో కొలిచి చూపించారు. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం ఒప్పుకునే హద్దు 0.03 శాతం. బెర్తు మీద ముక్కలు ముక్కలుగా పడుకున్న మనిషి అచ్చంగా 17 గంటలు మేలుకున్నట్టు కాకపోవచ్చు. కానీ తెల్లవారుజాము రెండు నుంచి ఆరు దాకా శరీర గడియారం ఎలాగూ అడుగున ఉంటుంది. దానికి తోడు సీటు అదురు, మాత్ర మత్తు, ఇంకా ఆగని సముద్రపు ఊపు. ఊదించి చూసే యంత్రానికి ఇవేవీ దొరకవు. కాలవ గట్టు రోడ్డు మీద ఒక్క రెండు సెకన్లు కన్ను మూతపడితే చాలు. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఆ రెండు సెకన్లలో కారు 33 మీటర్లు పోతుంది.

కిటికీ అద్దం దించడం, పాటలు గట్టిగా పెట్టడం, ముఖం మీద నీళ్ళు కొట్టుకోవడం కొద్ది నిమిషాలకి మించి ఆదుకోవు. పనిచేసేది నిద్రే. కాఫీ ఒంటబట్టడానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది కాబట్టి, జొన్నాడ దగ్గరో రావులపాలెంలోనో బండి పక్కకి తీసి, కాఫీ తాగేసి, వెంటనే సీటు వాల్చి ఇరవై నిమిషాలు కునుకు తీస్తే రెండూ కలిసి వస్తాయి. లేచిన వెంటనే తాళం తిప్పకూడదు, నిద్రమత్తు దిగడానికి ఇంకో పదిహేను నిమిషాలు అటూ ఇటూ నడవాలి. అద్దె కారైతే ఎక్కేముందే అడగడం మంచిది: "రాత్రి పడుకున్నావా బాబూ, ఎన్నింటికి బయల్దేరావు?"