ఒక తోట, ఇద్దరు గుత్తదారులు

బుజ్జికీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నోడు అడిగాడు కదా, "పాలస్తీనాలో అరబ్బులకీ యూదులకీ గొడవ ఎవరు మొదలుపెట్టారు తాతయ్యా?" అని. మీ అమ్మ "అది రెండువేల ఏళ్ళ నుంచీ ఉన్నదే" అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అంత పాతదేం కాదురా. వందేళ్ళు, కాస్త అటూ ఇటూ.

మా చిన్నప్పుడు ఊళ్ళో ఒకాయన, మామిడితోట పూత మీదుండగానే ఇద్దరికి గుత్తకిచ్చి ఇద్దరి దగ్గరా బయానా పుచ్చుకున్నాడు. కాయ దిగే వేళకి ఇద్దరూ గంపలతో దిగారు. కర్రలు లేచాయి. మేం పిల్లలం గట్టెక్కి చూశాం. ఆ రభసలో రాలిన కాయలన్నీ మావే అనుకోండి, ఉప్పూకారం అద్దుకుని తిన్న ఆ పులుపు ఇప్పటికీ పళ్ళల్లో ఉంది. బయానాలు పుచ్చుకున్న పెద్దమనిషి మాత్రం అరుగు మీద కూచుని, "ఎందుకురా ఈ కొట్లాటలు?" అని ఇద్దరికీ సుద్దులు చెప్పాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ దొరలు చేసిందీ ఇదే. అప్పట్లో ఆ నేలని ఏలుతున్న తుర్కీల మీద తిరగబడితే అరబ్బులకి స్వాతంత్ర్యం ఇస్తామని 1915-16లో మక్కా పాలకుడు షరీఫ్ హుస్సేన్‌కి ఉత్తరాలు రాశారు. 1917 నవంబరు 2న తమ విదేశాంగ మంత్రి పేరిట వెలువడ్డ బాల్ఫర్ ప్రకటనలో, పాలస్తీనాలో యూదులకి జాతీయ నివాసం ఏర్పడేందుకు సాయపడతామన్నారు. ఆ ఉత్తరాల్లో పాలస్తీనా లెక్కలోకి వస్తుందా రాదా అని తర్వాత ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. 1922లో నానాజాతి సమితి ఆ నేలని బ్రిటిష్‌వాళ్ళ చేతికే అప్పగించింది.

అయితే తోట వాళ్ళ సొంతం కాదు, మా ఊరి పెద్దమనిషికి ఆ హక్కయినా ఉండేది. పైగా ఇక్కడ తోటలో అప్పటికే కాపురాలున్నాయి. 1922 జనాభా లెక్కల్లో ఏడున్నర లక్షల మందిలో యూదులు 84 వేలు. మిగతావాళ్ళు దాదాపు అందరూ అరబ్బులే. బీరూట్‌లో ఉండే సుర్సుక్ కుటుంబం ఉత్తర పాలస్తీనాలోని జెజ్రీల్ లోయలో భూములు యూదు సంస్థలకి అమ్మితే, అక్కడ దున్నుకుంటున్న కౌలుదార్లు లేచిపోవాల్సొచ్చింది. వలస వచ్చిన యూదులు మాత్రం దురాశతో వచ్చారా? యూరప్‌లో తరిమితే వచ్చారు. హిట్లర్ గద్దెనెక్కాక, 1935 ఒక్క ఏడాదిలోనే అరవై వేలమందికి పైగా దిగారు. ఇక మామిడితోటని ఇక్కడే వదిలేద్దాం, ఇంతకంటే లాగితే తెగుతుంది.

మీకు బాగా అర్థమయ్యేది తెర సంగతి. జెరూసలేంలో పడమటి గోడ యూదులకి పరమ పవిత్రం. ఆ గోడకి అవతల ఉన్నది ముస్లింల హరమ్ షరీఫ్, అంటే అల్ అక్సా మసీదు ఆవరణ, గోడా వాళ్ళ వక్ఫుదే. దాని ముందు ఇరుకు సందు. 1928 సెప్టెంబరులో యూదుల ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పూర్ ముందు సాయంత్రం, ఆడా మగా విడివిడిగా ప్రార్థించుకునేందుకు యూదులు ఆ సందులో ఒక మడత తెర నిలబెట్టారు. చెక్క చట్రాలు, వాటికి బిగించిన గుడ్డ, అంతే. 'ఇవాళ తెర, రేపు గుడి' అని ముస్లింలకి భయం. తెల్లారి ప్రార్థన జరుగుతుండగానే పోలీసులు దాన్ని పీకేశారు. యూదులకి గుండె మండింది. ఊరేగింపులు, పుకార్లు. మరుసటి ఆగస్టులో ఊళ్ళు రక్తమయ్యాయి: 133 మంది యూదులు, 116 మంది అరబ్బులు చనిపోయారు. ఆ అరబ్బుల్లో చాలామంది పోలీసుల, సైనికుల తూటాలకి పోయినవాళ్ళు. హెబ్రోన్ అనే ఒక్క ఊళ్ళోనే 67 మంది యూదుల్ని చంపారు. అదే హెబ్రోన్‌లో కొందరు అరబ్బులు పక్కింటి యూదుల్ని తమ ఇళ్ళల్లో దాచి తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డారు. ఎప్పుడైనా గుంపులో చిక్కుకుంటే మీరు ఆ తలుపు దగ్గరివాళ్ళని తలుచుకోండిరా.

తర్వాతది గబగబా చెప్తాను. 1936లో అరబ్బులు ఆరు నెలలు సమ్మె చేశారు, తర్వాత తిరుగుబాటు. 1937లో బ్రిటిష్‌వాళ్ళు వేసిన పీల్ కమిషన్ దేశాన్ని రెండు ముక్కలు చేయమంది. 1939లో బ్రిటిష్ ప్రభుత్వం తన విధానం చెప్పే శ్వేతపత్రం తెచ్చి, ఐదేళ్ళలో 75 వేలమంది యూదులకే ప్రవేశమన్నారు. ఎవరికీ నచ్చలేదు.

ఆ సమ్మెలో జాఫా రేవు మూతపడింది. నారింజపళ్ళ ఓడలకి పేరుపడ్డ రేవు అది, అరబ్బు పడవలవాళ్ళూ యూదు వర్తకులూ కలిసి బతికిన చోటు. నెల తిరిగేసరికి పక్కనున్న టెల్ అవీవ్‌వాళ్ళు సముద్రంలోకి చెక్కలతో సొంత రేవు కట్టుకోవడం మొదలెట్టారు. మొదట దిగినవి సిమెంటు బస్తాలు. మీ అట్లాసులో కాదుగానీ, ఫోన్లో మ్యాపు తెరవండి. జాఫా పాత రేవు కనిపిస్తుంది, ఒడ్డు వెంబడే పైకి వెళితే యార్కోన్ నది సముద్రంలో కలిసే చోట రెండోది. రెంటికీ మధ్య ఎన్ని కిలోమీటర్లో కొలిచి, ఈ ఆదివారం ఫోన్లో నాకు చెప్పండి.

మీ తాతయ్య