గద్దిస్తే ప్రేమ లేనట్టా? సంఘంలో అపోహలు - వాస్తవాలు

చిత్తూరు, తిరుపతి క్రైస్తవ సంఘాల్లో గొడవపడ్డవాళ్లను సమాధానపరిచే పనిలో ఉన్నవాళ్లకు తరచూ వినబడే మాటలివి.

అపోహ: ప్రేమ ఉన్నవాడు తప్పు ఎత్తి చూపడు.

"నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అన్న ఆజ్ఞ లేవీయకాండం 19:18లో ఉంది. దాని పై వచనం చదవండి. సహోదరుడి మీద మనసులో పగ పెట్టుకోవద్దు, తప్పక గద్దించు అంటుంది. లోపల కుతకుతలాడుతూ పైకి "వందనాలన్నా" అని చెయ్యి కలిపితే అది ప్రేమ కాదు.

అపోహ: పాస్టరు అయ్యగారి చెవిన వేస్తే నా బాధ్యత తీరింది.

ఎక్కువ సంఘాలు దెబ్బతినేది ఇక్కడే. మత్తయి 18:15లో మొదటి మెట్టు మీరు, అతను, ఇద్దరే. అది వదిలేసి స్త్రీల కూడికలో "ఫలానా కుటుంబం కోసం ప్రార్థన చేయండి" అని అంశంగా పెడతారు. సాయంత్రానికి వాట్సాప్‌లో ఊరంతా తెలుస్తుంది. తెలియంది ఆ మనిషికొక్కడికే.

ముందు ఫోన్ చేయండి: "అన్నా, ఒక పది నిమిషాలు మాట్లాడాల, ఇంటికి రావచ్చా?" ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వెతుక్కునే వేళ వద్దు. ఒకే విషయం ఎత్తండి. కంటితో చూసింది చెప్పండి, మీ అనుమానాన్ని చెప్పకండి. "కానుకల డబ్బు తింటున్నావు" అంటే అక్కడితో తలుపు మూసుకుంటుంది. "పుస్తకంలో పోయిన నెల మూడు ఆదివారాల కానుక ఎక్కలేదన్నా, ఏమైంది?" అని అడిగి ఊరుకోండి. ఆ నిశ్శబ్దాన్ని మీ మాటలతో నింపకండి. రసీదు ఇంకో పుస్తకంలో ఉండొచ్చు, అప్పుడు క్షమాపణ అడగాల్సింది మీరే. "ఎప్పుడూ నువ్వింతే", "మీ ఇంటోళ్లంతా అంతే" అన్న మాటలు దొర్లితే ఆ రోజుకు లేచి వచ్చేయడం మేలు.

వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లాలి. వాళ్లు మీ పక్షం వాళ్లు కాకూడదు. మీ మాటకూ అతని మాటకూ వాళ్లు సాక్షులు. ఇద్దరికీ గౌరవమున్న మనిషిని వెతకండి, వారం ఆలస్యమైనా సరే. ఆ తర్వాతే సంఘం. చివరికి "సుంకరిగా (పన్ను వసూలు చేసేవాడిగా) ఎంచు" అన్నది వెలివేతకు అనుమతి అనుకుంటారు. ఆ మాట ఉన్న సువార్త ఎవరి పేరు మోస్తోందో ఆ మత్తయే సుంకరి. యేసు అతనింట భోజనానికి కూర్చున్నాడు.

అపోహ: పెద్దల తప్పు చెప్పకూడదు.

చెప్పొచ్చు, తీరు వేరు. తండ్రితో మాట్లాడినట్టు మాట్లాడమంటుంది 1 తిమోతి 5:1. పెద్ద మీద నేరారోపణకు ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలంటుంది 19వ వచనం.

అపోహ: ఏదైనా చాటుగానే చెప్పాలి.

అంతియొకయలో పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి తింటూ, యాకోబు దగ్గరి నుంచి మనుషులు రాగానే వేరుపడ్డాడు. అతన్ని చూసి బర్నబా కూడా జారాడు. అందుకే పౌలు అందరి ఎదుటే నిలదీశాడు (గలతీ 2). నలుగురిలో జరిగిన తప్పు నలుగురినీ పాడు చేస్తోంది మరి. సంఘ విందులో కులం చూసి వేరే బంతి వేస్తే, వడ్డన ఆగకముందే అక్కడే లేచి చెప్పాలి. మా దృష్టిలో మన పక్క అన్నిటికన్నా ధైర్యం కావలసింది ఈ చోటే. అంతగా నిలదీసినా, పేతురు పేరున్న రెండో పత్రికలో పౌలు "మన ప్రియ సహోదరుడు" అనే ఉన్నాడు.

అపోహ: ధైర్యమంటే గట్టిగా అరవడం.

ప్రధానయాజకుడి దగ్గర విచారణలో బంట్రౌతు చెంపమీద కొట్టినప్పుడు యేసు తలవంచుకొని ఊరుకోలేదు, తిట్టనూ లేదు. నేను చెప్పింది తప్పయితే చూపించు, కాకపోతే ఎందుకు కొట్టావు అని అడిగాడు (యోహాను 18:23). రెండే ముక్కలు.

అపోహ: ఇంటి గుట్టు, సంఘం గుట్టు బయటపెట్టకుండా క్షమించాలి.

పిల్లల మీద లైంగిక దాడి, భార్యను కొట్టడం లాంటి వాటికి "ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడు" అన్న మెట్టు వాడకండి. దెబ్బ తిన్నవాళ్లను కొట్టినవాడి గదిలోకి పంపినట్టవుతుంది. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, పాస్టరైనా సండేస్కూల్ టీచరైనా. దాచిపెడితే ఆరు నెలల వరకూ జైలు. ఫోన్ చేయాల్సిన నంబర్లు: పిల్లలకు 1098, స్త్రీలకు 181, తక్షణ ప్రమాదమైతే 112. బిడ్డను పదిమంది పెద్దల ముందు కూర్చోబెట్టి జరిగింది మళ్లీ మళ్లీ చెప్పించకండి. కేసు వెనక్కి తీసుకోమని ఆ ఇంటికి బయల్దేరే పెద్దలుంటే, వాళ్లను గుమ్మం దగ్గరే ఆపండి.